నాయన కొనబోయిన రికార్డు

మొన్న మా మనవరాలు మానస కర్నూలు నుంచి వచ్చినప్పుడు తన ల్యాప్‌టాప్ తెచ్చి నా మంచం మీద పెట్టి, ఈ సినిమా చూడకపోతే నీతో మాట్లాడనని బెదిరించి కూచోబెట్టింది. లాటిన్ పాటలతో లోకమంతా పేరు తెచ్చుకున్న ఒక గాయని జీవితకథట అది. సముద్రాలకు అవతలి మనుషులు, నాకు ఒక్క ముక్క తెలియని స్పానిష్ భాష. కింద ఇంగ్లీషు అక్షరాలు పరిగెత్తుతుంటాయి గానీ, నేను అద్దాలు సర్దుకొని అవి చదివేలోపు పైన ఆ మనుషులు ఏడ్వడం అయిపోయి నవ్వుతుంటారు. జీవితమంతా బడిపిల్లలను కదలకుండా కూచోమని కసిరినదాన్ని, ఒక సినిమా ముందు కూచోలేకపోయాను. మొదట్లోనే ఆ గాయని చిన్నపిల్లగా వంటింట్లో గిన్నెలు కడుగుతూ పాడుకుంటుంటుంది. పని నుంచి వచ్చిన తండ్రి గుమ్మం అవతల నిలబడి వింటాడు. పాట అయ్యాక లోపలికి వచ్చి, తడి చేతులతో ఉన్న పిల్లను ఎత్తి బల్ల మీద నిలబెట్టి మళ్లీ పాడమంటాడు. అంతే, నాకు పాలు పొంగుతున్నాయేమోనని అనుమానం వచ్చి లేచిపోయాను. చూస్తే స్టవ్ మీద పాలే లేవు. వచ్చి కూచున్నాను, మళ్లీ లేచాను. కిటికీ మూశాను, తెరిచాను. "కాలుగాలిన పిల్లి మాదిరి ఏందవ్వా ఆ తిరగడం?" అంది మానస. ఆ మాట మా ఇంట్లో ఇంకొకరిని అనేవాళ్లు.

కాస్త సర్దుకొని కూచున్నాక, తెర మీద పాడుతున్న అమ్మాయికి గొంతు బాగుందే అన్నాను. మానస నవ్వి, ఆ నటికి పాట రాదవ్వా, నిజం గాయని పాత రికార్డులే వెనక మోగుతుంటాయి, ఈమె పెదవులు కదుపుతుందంతే అని చెప్పింది. అక్కడితో ఆ సినిమా నా చేయి జారిపోయింది. కళ్లు తెర మీదే ఉన్నాయి గానీ, నేను ఆళ్లగడ్డలో ఉన్నాను. రికార్డు పాడుతుంటే మనిషి పాడుతున్నట్టు చూపించడం వీళ్ల సినిమా. మా ఊళ్లో జరిగింది దానికి సరిగ్గా తలకిందులు.

ఆళ్లగడ్డలో మా ఇంట్లో నలుగురమే. నాయన, అమ్మ, నేను, నాయన చెల్లెలు ఓబులమ్మత్త. నాయనకూ అత్తకూ వయసులో చాలా ఎడం. వాళ్ల తల్లి, మా జేజి, నాకు ఊహ తెలిసేసరికే పోయింది. తల్లి పోయాక అత్తను పెంచింది నాయనే గనక, ఆమెకు ఆయన అన్న కంటే ఎక్కువ, అందుకే భయమూ ఎక్కువే. తెల్లవారకముందే ఎద్దులకు ఉలవలు ఉడికే వాసనతో మా ఇల్లు లేచేది. పెరట్లో పత్తిగింజలు నానేసిన తొట్టి నుంచి ఇంకో వాసన. అమ్మ జొన్నరొట్టె తట్టే చప్పుడు వీధి దాకా వినబడేది. ఆ చప్పుడు మీద నాయన అడుగుల చప్పుడు. మా నాయన కూచునే మనిషి కాదు. రొట్టె తింటున్నప్పుడు కూడా ఒక మోకాలు పైకే ఉండేది, ఏ క్షణాన లేస్తాడో తెలియనట్టు. చేని నుంచి వచ్చి, కాళ్లు కడుక్కొని, గాట్లో ఎద్దులను చూసి, అరుగు మీదికి పోయి, మళ్లీ ఎద్దుల దగ్గరికి పోయి, గడ్డివామి దాకా నడిచి వచ్చి, ఎవరైనా వచ్చినారా అని అడిగేవాడు. ఎవరూ వచ్చేది ఉండదు. కాలుగాలిన పిల్లి అని అమ్మ అనేది ఆయననే, ఆయన వినబడనంత దూరం పోయాక. రెడ్డి కూచుంటే వాన పడతాది అని వీధిలో ఎగతాళి. మా సీమలో అది తిట్టో దీవెనో తేల్చడం కష్టం.

ఆడవాళ్లు పాడకూడదని మా ఇంట్లో ఎవరూ శాసనం చేయలేదు. మగవాళ్ల చెప్పుల చప్పుడు వినబడితే పాట దానంతట అది ఆగిపోయేది, అంతే. జేజి మజ్జిగ చిలికేటప్పుడు మహానంది దేవుడి మీద ఒక పాట పాడేదట. ఆమె పక్కన కవ్వం తాడు పట్టుకొని కూచుని అత్త దాన్ని నేర్చుకుంది. జేజి పోయాక చిలికే పనీ, ఆ పాటా రెండూ అత్తకే వచ్చాయి. నాయన చేనికి పోయాడని రూఢి చేసుకున్నాకే ఆమె గొంతు లేచేది.

నీళ్లలో నీ నీడ జూసొస్తి నందయ్యా,
నీడకే మొక్కొస్తి నన్నేలవయ్యా.

దానికి చరణాలు ఇన్నని లేవు. వెన్న తేలేదాకా పాట సాగేది, వెన్న తేలితే అయిపోయేది. నాయన మాత్రం ఒకే ఇంట్లో ఉంటూ, తన చెల్లెలి గొంతు పాటలో ఎట్లుంటుందో ఒక్కసారీ ఎరగడు. ఇప్పుడు చెబితే మానస నమ్మదు. వాళ్ల ఇంట్లో స్నానాల గదిలో పాడినా ఎవరో ఒకరు ఫోనులో పట్టి పెడతారు.

ఆ రోజుల్లో మా ఊరి బయట ఒక డేరా సినిమా వెలిసింది. ఊరూరూ తిరిగే టూరింగ్ టాకీసు. ఒక పక్క మగవాళ్లు, తడిక కట్టిన పక్కన ఆడవాళ్లు, అందరికీ కింద ఇసకే. నంద్యాల నుంచి వచ్చిన మస్తానన్న దాన్ని నడిపేవాడు. ఆయన భార్య కాశింబీ పగలు కుట్టుమిషను మీద రవికెలు కుట్టేది, పొద్దు గూకితే ఆడవాళ్ల వాకిట్లో టికెట్లు చింపేది. అత్త కుట్టుపని నేర్చుకోవడానికి ఆమె దగ్గరికి పోయేది. పెళ్లికాని పిల్ల ఒంటరిగా వీధి దాటకూడదు గనక నేను తోడు. కుట్టు ఎంత నేర్చిందో గానీ, మిషను చక్రం తిరుగుతుంటే అత్తకు పాట వచ్చేసేది. కాశింబీకి ఆ పాటంటే ప్రాణం.

డేరాకు ఒక ఆనవాయితీ ఉండేది. ఆట మొదలయ్యే ముందు మైకు బాకాలో ఒక దేవుడి పాట రికార్డు వేస్తారు. అది వినబడితే ఊళ్లో వాళ్లు తలుపులు వేసుకొని బయల్దేరతారు, చుట్టుపక్కల పల్లెల వాళ్లు బండ్లు కడతారు. ఆ పాట లేకపోతే ఆట లేనట్టే. ఒకనాటి సాయంత్రం మస్తానన్న పొరపాటున ఆ రికార్డు మీదే కూచున్నాడు. లక్క రికార్డు, అప్పడం మాదిరి ముక్కలైంది. ఉన్నవన్నీ సినిమా పాటలు, అవి వేస్తే జనం నవ్వుతారు. మస్తానన్న తల పట్టుకుని కూచుంటే, కాశింబీ మా అత్త చేయి పట్టుకొని కరెంటు ఇంజను పక్కన గుడ్డలు కట్టిన గదిలోకి తీసుకుపోయింది. ఆటల పేర్లు చెప్పే మైకు అక్కడే ఉండేది. "పాడు ఓబులమ్మా. నీ మొగం ఎవురూ చూడరు. బాకాలోంచి వచ్చేదంతా రికార్డే అనుకుంటారు" అంది. అత్త నా భుజం గట్టిగా పట్టుకొని, కళ్లు మూసుకొని పాడింది. కిరసనాయిలు పొగ, ఇంజను చప్పుడు, ఆమె చెమట పట్టిన అరచేయి. నాకు ఇవాళ్టికీ భుజం మీద ఆ చోటు తెలుసు.

కాశింబీ అన్నట్టే అయింది. బాకాలో వినబడేది రికార్డేనని మా ఊరు ఎంత గట్టిగా నమ్మిందంటే, రికార్డయితే ఇంతసేపు ఎట్లా పాడుతుందని గానీ, ఒకనాడు మధ్యలో దగ్గు ఎందుకు వచ్చిందని గానీ ఒక్కరూ అడగలేదు. కొత్త రికార్డు బాగుందని మస్తానన్నకు చెప్పిపోయేవాళ్లు. ఆయన కూడా తలూపేవాడు. ఆట మొదలయ్యేలోపు అత్తా నేనూ ఇల్లు చేరేవాళ్లం. ఆ మొదటి రోజు ఇంటికి వచ్చేసరికి నాయన అరుగు మీద కూచుని ఉన్నాడు. రెండు మోకాళ్లూ కిందికి పెట్టి, స్తంభానికి ఆనుకొని, నిజంగా కూచుని ఉన్నాడు. అమ్మ గడపలో నిలబడి ఆయనను వింతగా చూస్తోంది. ఏమైందని అడిగితే, మా అమ్మ పాట రికార్డుకెక్కింది, మహానంది తిరునాళ్లలో ఎవరి దగ్గర పట్టుకున్నారో ఏమో అన్నాడు. గొంతు కూడా చిన్నప్పుడు విన్న అమ్మ గొంతు మాదిరే ఉందని మాత్రం మెల్లగా అన్నాడు. అత్త గబగబా లోపలికి పోయింది.

ఆ తర్వాత రోజూ అదే. పొద్దు గూకే వేళకు నాయన ఎక్కడున్నా అరుగు మీదికి వచ్చి కూచునేవాడు. ఊరంతటికీ వింతైపోయింది. ఒక్కోరోజు ఏదో సాకుతో నన్ను ఇంట్లో ఉంచి, అత్త అమ్మను తోడు తీసుకుపోయేది. అప్పటికే అమ్మకు అంతా తెలుసు. అమ్మకు చెప్పకుండా ఆ ఇంట్లో ఈగ కూడా వాలేది కాదు. అట్లాంటి రోజుల్లో అత్త వచ్చీ రాగానే నన్ను గాదె చాటుకు లాగి, మీ నాయన ఏమన్నాడు అని అడిగేది. ఇవాళ ఇంకో చరణం ఉండుంటే బాగుండేదన్నాడని చెబితే, మర్నాడు ఇంకో చరణం కట్టి పాడేది. కళ్లు తుడుచుకున్నాడని చెబితే ఆ పూట అన్నం తినకుండా ఇల్లంతా తిరిగేది. అన్న లాగే కాలు ఒకచోట నిలవదు ఆమెకు. నేను తల్లినయ్యాకే ఆ తిరుగుడు నాకు అర్థమైంది. ఊరు మెచ్చుకోవడం ఆమెకు అక్కర్లేదు. అన్న బాగుందనాలి, ఆ మాట తన మొహం చూసి అనాలి. అనాలంటే తెలియాలి. తెలిస్తే అంతా ఆగిపోతుంది.

అప్పుడే గోస్పాడు నుంచి సంబంధం వచ్చింది. భూమి ఉన్న ఇల్లు, నెమ్మదైన పిల్లోడు. నాయనకు కుదిరింది, అత్త కాదనలేదు. ఆ రోజుల్లో పెళ్లిండ్లకు మైకుసెట్లు కొత్తగా వస్తున్నాయి. పందిరి గుంజకు బాకా కట్టి పొద్దున్నుంచి రికార్డులు వేస్తారు. చెల్లెలి పెళ్లిలో మొదట మోగే పాట తన తల్లి పాటే కావాలని నాయన పట్టుబట్టాడు. మస్తానన్నను అడిగితే ఆయన మాట నమిలాడు, అది పాతది, అరిగిపోయింది, ఇయ్యలేనన్నాడు. అట్లయితే కొత్తదే కొందామని నాయన బట్టలకు నంద్యాల పోయిన రోజు నన్నూ తీసుకుపోయాడు. బయల్దేరేటప్పుడు అత్త మొహం పాలిపోయింది. వద్దని చెప్పే దారి ఆమెకు లేదు.

నంద్యాలలో రికార్డుల అంగడి చూడటం నాకదే మొదటిసారి. గోడల నిండా కాగితపు సంచుల్లో నల్లటి పళ్లాలు. అంగడాయన చాలా ఓపికస్తుడు. నందయ్య పేరున్న పాటలన్నీ వెతికి వేసి వినిపించాడు. ఏదీ కాదు. చివరికి నాయన అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి, మొదటి వరుస తానే పాడాడు. నాయన నోట పాట వినడం నాకు అదే మొదలు, అదే ఆఖరు. పక్కన ఇంకేదో రికార్డు బేరం చేస్తున్న ఒకాయన ఆ వరుస విని ఇటు తిరిగాడు. "ఇది మీ ఆళ్లగడ్డ డేరా పాట గదప్పా. రికార్డు యాడిది? ఎవురో పెద్దింటి ఆడబిడ్డ పరదా ఎనక కూచోని పాడుతాదంట. నంద్యాలంతా అనుకుంటాండారు" అన్నాడు. ఆయన మాటలో ఎగతాళి లేదు, మెచ్చుకోలే ఉంది. నాయన నా వైపు చూశాడు. రోజూ పొద్దు గూకే వేళ అత్త ఎవరిని తోడు తీసుకొని ఎక్కడికి పోతుందో ఆయనకు తెలుసు. బట్టలు కొన్నాం. బస్సులో సీట్లు ఖాళీగా ఉన్నా ఆళ్లగడ్డ దాకా ఆయన నిలబడే వచ్చాడు.

మేము దిగేసరికి పాట మొదలై ఉంది. నాయన డేరా వైపు పోతాడనుకున్నాను, పోలేదు. వీధి మధ్యలో బట్టల మూట పట్టుకొని, పాట ఆఖరుదాకా నిలబడి విన్నాడు. ఎడ్లబండ్లు ఆయనను తప్పించుకొని పోయాయి. తర్వాత ఇంటికి వచ్చి అరుగు మీద నిలబడ్డాడు. అమ్మా అత్తా వచ్చారు. ఆయన నిలబడిన తీరులోనే అత్తకు సంగతి తెలిసిపోయింది.

"రేపట్నించి పొద్దు గూకినాక గడప దాటొద్దు" అన్నాడు.

అత్త తల ఎత్తి, "పాట బాగలేదా అన్నా?" అని అడిగింది. ఆ ఇంట్లో ఆయనను ఎదురుగా అట్లా ఒక మాట అడగడం నేను ఎప్పుడూ చూడలేదు.

"బాగుండాది గాబట్టే చెప్తాండా" అని నాయన ఎద్దుల దగ్గరికి వెళ్లిపోయాడు.

ఆయనను దుర్మార్గుడని రాయడం నాకు సులువే. ఈ కాలం మెచ్చుకుంటుంది కూడా. కానీ ఆ మాట అన్నాక గాట్లో ఎద్దు మెడ మీద చేయి వేసి ఆయన నిలబడ్డ తీరు నేను చూశాను. నంద్యాల అంగడిలో తెలిసింది రేపు గోస్పాడులో తెలుస్తుంది, తెలిస్తే సంబంధం చెడుతుంది. తల్లి లేని పిల్ల. ఆయన లెక్క ఆయనకు ఉంది. అయినా నాకు కోపం పోలేదు, ఈ వయసులో కూడా పోలేదు. కోపమూ జాలీ ఒకే మనిషి మీద కలిసి ఉంటే ఎక్కడా కూచోనివ్వవు.

పెళ్లి జరిగింది. మైకు పెట్టారు, సినిమా పాటలు మోగాయి. నాయన పందిట్లో ఒక్కచోట నిలవలేదు. పోయేటప్పుడు ఏడ్చిన అత్త గొంతు కూడా బయటికి రాలేదు. మస్తానన్న కొత్త రికార్డు తెచ్చుకున్నాడు. అది మోగగానే నాయన అరుగు మీదికి వచ్చేవాడు, అలవాటు కొద్దీ. ఒక వరుస విని లేచిపోయేవాడు. కొన్నాళ్లకు డేరా ఎత్తేసి ఇంకో ఊరికి పోయారు. ఆ తర్వాత సాయంత్రాలు ఆయన నడక ఇంకా పెరిగింది. అరుగు గచ్చు మీద ఆయన తిరిగిన మేర నున్నగా అయిందని అమ్మ చూపించేది.

మానస పెట్టిన సినిమా చివరికి వచ్చింది. ఆఖర్లో నటి తప్పుకొని, నిజం గాయని పాత ఫొటోలు ఒక్కొక్కటే వస్తుంటే ఆమె గొంతు ఖాళీ తెర మీద మోగింది. పిల్ల కళ్లు తుడుచుకుంది. నేను అత్త సంగతి చెప్పాను. అంతా విని, మనమూ ఒక సినిమా తీద్దామవ్వా, నేనే ఆమె వేషం వేస్తానంది. వేస్తావు సరే, పెదవులు కదుపుతావు సరే, వెనక మోగించడానికి గొంతు ఏదే అన్నాను. గోస్పాడులో అత్త కొడుకులున్నారు. ఒకసారి వాళ్లతో ఈ సంగతి అంటే, మా అమ్మా, పాటా అని నవ్వారు. ఆమె ఆ ఇంట్లో మజ్జిగ కూడా నోరు మూసుకునే చిలికిందట. ఇప్పుడు ప్రతివాళ్ల గొంతూ ఎక్కడో ఒకచోట మిగిలి ఉంటోంది, ఎవరూ వినకపోయినా. అప్పుడు ఒక గొంతును ఊరంతా విన్నది, అది ఎక్కడా మిగల్లేదు. ఈ రెంటిలో ఏది నయమో నాకు తెలియదు. పాడటం మానేసిందా ఇంక అని మానస అడిగింది. నేను చూసిన ఆఖరి సంగతి అప్పుడు చెప్పాను.

నా చదువు కోసం మేము నంద్యాలకు వచ్చి ఇల్లు తీసుకున్నాం. నాయన చేలకూ ఇంటికీ తిరిగేవాడు. ఒకసారి బండి మీద నుంచి పడి తొడ ఎముక విరిగింది. కాలికి పట్టీ వేసి, ఇటుకలు వేలాడదీసి, కదలొద్దని పడుకోబెట్టారు. ఆయనకు అంతకంటే పెద్ద శిక్ష ఉండదు. పైకప్పు చూస్తూ, వాకిలి తెరవమని, మూయమని, ఎవరొచ్చినారని అడిగి అమ్మను చంపేవాడు. అత్త గోస్పాడు నుంచి చూడ్డానికి వచ్చింది. అప్పటికి చంకలో పిల్లాడు. అన్న పక్కన కూచుంది, నీళ్లు తాగించింది, నుదురు తుడిచింది. పెళ్లయినాక ఆ ఊసు వాళ్లిద్దరి మధ్య ఎప్పుడూ రాలేదు. నాయన చాలాసేపు ఆమె వైపు చూడకుండా గోడ వైపే చూశాడు.

"ఓబులా, ఆ పాట ఒకసారి పాడమ్మా" అన్నాడు. "ఎవురూ లేరు. నేనే ఉండా."

నేను తలుపు దగ్గర నిలబడ్డాను. కాశింబీ దగ్గర నుంచి ఇంటికి పరిగెత్తుకొచ్చి, గాదె చాటున నా చేతులు పట్టుకొని ఏమన్నాడని అడిగిన అత్త, ఏ మాట కోసం ఏళ్లకేళ్లు తిరిగిందో, అది ఇప్పుడు ఆమె ముందు ఉంది. ఆమె గొంతు సవరించుకుంది. పాడుతుందనే అనుకున్నాను. ఆమె కూడా అనుకుందేమో, పెదవులు తెరుచుకున్నాయి. తర్వాత పైట సర్దుకొని పిల్లాణ్ణి భుజానికి ఎత్తుకుంది.

"అది రికార్డు పాట గదన్నా" అంది, మెల్లగా, కోపం లేకుండా. "నువ్వే ఎతుక్కుంటా వస్తివి ఈ నంద్యాలకు. యాడా దొరకలేదు గదా."

ఆమె వంటింట్లోకి పోయి అమ్మకు ఉల్లిగడ్డలు తరిగిపెట్టింది. మాపటి బస్సుకు గోస్పాడు పోయింది. నాయన మళ్లీ అడగలేదు. గోడ వైపు తిరిగి పడుకున్నాడు. ఇటుకలు కట్టిన కాలు కదల్లేదు, రెండో కాలు మాత్రం దుప్పటి కింద నడుస్తూనే ఉంది.